అక్క ఊపిరి మీద అసూయ

మొన్న ఉదయం మా పెద్దమ్మ కూతురు, నరసాపురం దగ్గర పల్లెలో ఉండే మా అక్క, ఫోన్ చేసి తన మనవరాలికి ఏ ఇన్‌హేలర్ మంచిదో చెప్పమంది. రాజమండ్రిలో మా వరండాలో కూర్చుని ఆ ఫోన్ మాట్లాడాను. ఆ ఇంట్లో ఆయాసమన్న మాటే ఎరగరని కదా, నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కుళ్లుకుంటూ వచ్చింది.

నాకు చిన్నప్పుడే ఉబ్బసం. దుమ్ము పడదని మా అమ్మ పూటపూటా ఇల్లు తడిగుడ్డతో తుడిపించి, నన్ను వీధిగడప దాటనిచ్చేది కాదు. వేసవిలో పెద్దమ్మగారింటికి పంపినా, పశువులపాక వైపు పోనివ్వద్దని మరీమరీ చెప్పి పంపేది. వేసవిలో దాళ్వా వరి నూర్పిళ్లప్పుడు ఊరంతా ఎలా ధూళి కమ్ముకునేదో మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా, ఆ ధూళిలోనే అక్క గడ్డిమేట్ల మీద దొర్లి, గేదెల పక్కన నులకమంచం వేసుకుని హాయిగా నిద్రపోయేది. నేను తలుపులు మూసిన గదిలో, నా గుండెల్లో పిల్లికూతలు నేనే వింటూ, కిటికీ సందులోంచి తనని చూసి కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని. నా మార్కులూ గౌన్లూ అన్నీ తీసుకుని ఆ ఊపిరి ఇచ్చేస్తే బాగుండుననిపించేది.

ఇమ్యునాలజీ ఎందుకు చదివారండీ అని విద్యార్థులు అడిగితే విజ్ఞానమనీ సేవ అనీ ఏదో చెప్పేదాన్ని గానీ, అసలు కారణం ఆ కుళ్లే. చుట్టూ ఉన్న గాలీ దుమ్మూ పశువులూ మన ఒంట్లోని రోగనిరోధక కణాలను ఎలా మలుస్తాయో చూడడంతోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. పాకలున్న ఇళ్లవాళ్ల రక్తాన్నీ, మాలాంటి పట్నపు ఇళ్లవాళ్ల రక్తాన్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించేవాళ్లం. అక్క కూడా రక్తం ఇచ్చింది.

"ఇంత చదువూ చదివింది మా పేడదుమ్ము గురించేనేంటే? అప్పుడే నాతోపాటు పాకలో పడుకోనిస్తే సరిపోయేది కదా," అని చెయ్యి చాపుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పాకదుమ్ము తగిలించి చూస్తే, అక్క కణాలు ఇంటికి చుట్టం వచ్చినట్టు ఊరుకున్నాయి, నావి దొంగ దూరినట్టు గగ్గోలు పెట్టాయి. ఆ దుమ్ముతో పరిచయం పసితనంలోనే కావాలి కాబోలు, తర్వాత ఎంత చదివినా వచ్చేది కాదు. అమ్మ ప్రేమకొద్దీ చేసిందని తెలిసినా, ఆ పూట అక్క మీద అసూయతో నాకు అన్నం సయించలేదు.

అందుకే మొన్న ఫోన్‌లో, పిల్లని పాకలో తిరగనివ్వలేదా అని అడిగాను. గేదెల్ని ఎప్పుడో అమ్మేశామనీ, చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయనీ, పిల్ల ఏసీ గదిలో టైల్స్ మీదే ఆడుకుంటుందనీ చెప్పి, "అచ్చం నిన్ను పెంచినట్టే శుభ్రంగా పెంచామే," అంది గర్వంగా.

మందు పేరు చెప్పాను, ఎలా పీల్పించాలో చెప్పాను. వెనక నుంచి ఆ పసిదాని పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి. జీవితమంతా ఆ ఇంటిని చూసి ఏడ్చినదాన్ని, ఇక మా గోదావరి పల్లెల్లో ఎవరి ఊపిరి చూసి కుళ్లుకోను?