ఇంట్ల తల్లొచ్చింది

నొప్పులు తగ్గి కాదు, ఒక్క మాట పడక ఆ గర్భిణి దవాఖాన మంచం దిగి వెళ్లిపోయింది. తొమ్మిదో నెల నిండింది. వెంట ఉన్న అత్త దుప్పటి మడిచి సంచిలో కుక్కి, కోడలి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. మా చెల్లెలి కూతురు తెల్లకోటుతో వాళ్ల వెనకే వెళ్లింది. ఆమె మాట పూర్తి కాకముందే ఆటో కదిలింది.

మా చెల్లెలి కూతురు డాక్టరు చదువు ముగింపుకొచ్చి, వార్డుల్లో పని నేర్చుకునే ఏడాదిలో ఉంది. అందులో కొన్ని వారాలు నారాయణఖేడ్ దవాఖానలో వేశారు. తండ్రిది గుంటూరు, పెరిగింది హైదరాబాద్‌లో. మా ఊరికి సెలవుల్లో రావడమే తప్ప ఇక్కడి మాట ఒంటబట్టలేదు. నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చాలాకాలం పనిచేసి, సొంతూరికి తిరిగొచ్చి ఉంటున్నాను. పిల్ల మా ఇంట్లోనే దిగింది. మధ్యాహ్నం అన్నం డబ్బా నేనే తీసుకెళ్లేదాన్ని. ఆమె తినేదాకా కాన్పుల వార్డులో ఒక స్టూలు మీద కూర్చునేదాన్ని.

వార్డులో ఆమెకు అప్పటికే 'అండి డాక్టరమ్మ' అని పేరు పడిపోయింది. బీపీ చూడాలన్నా అండీ, పక్కకు తిరగమన్నా అండీ. "మా ఇంటాయన కూడా నన్ను గిట్ల పిలువడు" అని ఒక బాలింత నవ్వేది.

ఆ గర్భిణిది నాగల్‌గిద్ద వైపు పల్లె. నొప్పులని వచ్చింది. అవి అసలు నొప్పులు కావని తేలినా, రోజులు దగ్గరపడ్డాయి కదా అని ఉంచారు. వివరాలు అడిగే పని మా పిల్లది.

"పోయిన వారం చెకప్‌కు ఎందుకు రాలేదండీ?"

"ఇంట్ల తల్లొచ్చింది. తల్లి ఉండంగ గడప ఎట్ల దాటుతం? గీ నొప్పులకు భయమై వచ్చినం గని."

కాన్పు దగ్గరపడిందని తల్లి వచ్చిందని, అల్లుడి ఇంట్లో ఆమెను వదిలి రాలేకపోయారని మా పిల్ల అనుకుంది. అలాగే రాసుకుంది. ఆ మాటలు జరిగినప్పుడు నేను అక్కడ లేను. మర్నాడు ఉన్నాను.

"మీ అమ్మగారు ఇంకా ఉన్నారా?" అని అడిగింది మా పిల్ల.

మా వైపు కన్నతల్లికి ఎవరూ 'గారు' తగిలించరు. ఆ మర్యాద దేవతకే అనుకుని గర్భిణి సంతోషపడింది.

"ఉన్నది. రేపు నీళ్లు వోస్తరు. అటెన్క పోతది."

"ఎవరికి పోస్తారు?"

"మా బావ కొడుక్కు."

"మీ అమ్మ వెళ్లడానికి ఆ అబ్బాయికి నీళ్లెందుకండీ?"

పక్క మంచం మీదామె పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓ డాక్టరమ్మా, గది కన్నతల్లి కాదు, పోచమ్మ తల్లి. పిల్లగాని మీదికొచ్చింది. బస్సెక్కించి పంపుతరనుకున్నవా?"

వార్డంతా నవ్వింది. గర్భిణి కూడా నవ్వింది. నవ్వనిది మా పిల్ల ఒక్కతే.

మా దగ్గర ఒంటి మీద పొక్కులు లేస్తే దానికి జబ్బు పేరు పెట్టరు. తల్లి వచ్చింది అంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు, తాలింపు వేయరు, ఇల్లు దాటి పోరు. పొక్కులు మాడాక వేపాకు నీళ్లు పోస్తే తల్లి దిగిపోయినట్టు. ఆ తర్వాత వీలున్నవాళ్లు బోరంచ పోచమ్మ గుడికి పోయి మొక్కు తీర్చుకుంటారు. పల్లెల నుంచి విలేకరులు 'తల్లి వచ్చింది' అని రాసి పంపితే, డెస్కులో మేం 'ఆటలమ్మ' అని దిద్దేవాళ్లం.

మా పిల్ల తడబడింది. "అంటే చికెన్‌పాక్స్! అది అంటురోగం అండీ. కాన్పు ముందు మీకు వస్తే బిడ్డకు ప్రమాదం. చిన్నప్పుడు మీకు వచ్చిందా?"

అడగవలసిన ప్రశ్నే. చిన్నప్పుడు వచ్చి పోయి ఉంటే భయం లేదు. రాకుంటే, సరిగ్గా కాన్పు రోజుల్లో పొక్కులు లేస్తే, పుట్టిన బిడ్డ బతకడమే కష్టం కావచ్చు. కానీ ఆ ప్రశ్న దాకా ఎవరూ వినలేదు.

"నోరు కడుక్కో బిడ్డా!" అత్త లేచి నిలబడింది. "తల్లిని రోగమంటవా? ఇంటికాడ తల్లి ఉండంగ గీ దవాఖానకొచ్చుడే తప్పు. లేవే, పోదాం."

"అమ్మా, ఒక్క నిమిషం ఆగండి..."

"నీ అండి నీ దగ్గర వెట్టుకో."

సంగతి విని పెద్ద డాక్టరమ్మ మా పిల్లను ఏమీ అనలేదు. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తకు ఫోన్ చేసి చూసి రమ్మంది. ఇంటికొచ్చాక మా పిల్ల అన్నం ముందు కూర్చుని నన్ను అడిగింది.

"మరి ఎలా అడగాలి పెద్దమ్మా?"

"నీ మీదికి తల్లి వచ్చిపోయిందా అని అడగాలె."

ఆ తర్వాత వార్డుకు వచ్చిన ప్రతి గర్భిణినీ అలాగే అడిగేది. వాళ్లు చక్కగా జవాబు చెప్పేవాళ్లు.

కార్యకర్త వెళ్లేసరికి ఆ గర్భిణి ఇంట్లో లేదు. తల్లి దిగిపోయాక కర్ణాటక వైపు చుట్టాల దగ్గరికి పంపామన్నారు, ఊరి పేరు చెప్పలేదు. కోడలి చిన్ననాటి సంగతి తనకేం తెలుసని అత్త అంది. తెలిసిన కన్నతల్లి కూలి పనికి వలసపోయి ఉంది. ఆమె ఫోన్ కలవలేదు. బావ కొడుక్కు నీళ్లు పోశారు, వాడు ఆడుకుంటున్నాడని మాత్రం కార్యకర్త చెప్పింది.

మా పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో పిల్లల వార్డులో పనిచేస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా ఆ గర్భిణి సంగతి ఏమైనా తెలిసిందా అని అడుగుతుంది. కాన్పు ఎక్కడ అయిందో, బిడ్డ ఎలా ఉందో ఇంతవరకు మాకు తెలియలేదు.