అన్నయ్య ముక్కూ, తెల్ల బిళ్ళా

రాయపూర్ రైల్వే కాలనీలో మా అన్నయ్య ముక్కంటే తెలియనివాళ్ళు లేరు. వీధి మలుపులో సైకిలు దిగకముందే మా వంటింట్లో ఏం ఉడుకుతోందో, ఏది మాడిందో చెప్పేసేవాడు. పెళ్ళయిన మొదటి ఏడాదంతా వదిన ఆ ముక్కుకి భయపడుతూనే వండింది.

అలాంటివాడు ఇనుప బీరువాల కార్ఖానాలో రంగు కొట్టే గదికి మారాక, ఏం పెట్టినా "బాగుందే" అని తినేయడం మొదలుపెట్టాడు. పెళ్ళాం విలువ ఇన్నాళ్ళకి తెలిసొచ్చిందని వదిన మురిసిపోయింది. నేను అదే కార్ఖానా డిస్పెన్సరీలో నర్సుని. పాచిపోయిన పప్పుని కూడా అతను లొట్టలేస్తూ తిన్న రోజున నాకు అనుమానమొచ్చింది, ఆ ముక్కు పనిచెయ్యడం లేదని. సాయంత్రాలు తలనొప్పి. దుమ్ము పడకూడదని తలుపులు బిగించిన ఆ గదిలో రోజంతా రంగులో కలిపే థిన్నరు ఆవిరి పీలుస్తున్నాడు మరి.

గాలి బయటికి లాగే పెద్ద ఫ్యాను పెట్టించమని మేనేజరుని అడిగాను. గాలి చెడ్డదని రుజువు చూపించమన్నాడు. చివరికి నా పోరు పడలేక తెల్లటి చిన్న బిళ్ళ ఒకటి తెప్పించాడు. కాలరుకి తగిలించుకుని పనిచేస్తే చాలు, గదిలోని ఆవిరిని అది పట్టుకుంటుంది. నాగపూర్ లేబరేటరీవాళ్ళు లెక్క తేలుస్తారు. పొద్దున్నే అన్నయ్యకిచ్చాను, సాయంత్రం తిరిగి తీసుకుని పంపించాను.

గాలి శుభ్రంగా ఉందని జవాబొచ్చింది. "మీ అన్నయ్యకి జలుబేమో చూడండి సిస్టర్," అని మేనేజరు నవ్వాడు.

ఇంటికెళ్ళి నిలదీశాను. "నిజం చెప్పు, బిళ్ళ ఎక్కడ పెట్టావు?"

"పక్కాగా దాచానే! బయట సైకిలుకి తగిలించిన సంచిలో. తెల్లటిదానికి రంగంటితే ఫైను కొట్టరేటి? నాన్న బిళ్ళ సంగతి మర్చిపోయావేటే?"

నాన్న రైల్వేలో ఖలాసీ. డ్యూటీలో చొక్కాకి పెట్టుకోడానికి ఆయనకో ఇత్తడి నంబరు బిళ్ళ ఉండేది. పోతే జీతంలో కోతేనని, డ్యూటీ దిగగానే తమలపాకుల పెట్టెలో దాచేవాడు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ భక్తి అన్నయ్యకీ అబ్బింది. నాన్న పని అయ్యాక దాచేవాడు, ఈ ఘనుడు పనిచేసినంతసేపూ దాచాడు, అంతే తేడా.

"ఇది పాడవడానికే ఇచ్చారు అన్నయ్యా!"

"పాడవడానికి బిళ్ళలిస్తారేటే ఎక్కడైనా? ఫికర్ చెయ్యకు, నాకేటీ అవలేదు."

అప్పటిదాకా వింటున్న వదిన లేచి లోపలికెళ్ళింది. ఇంగువ డబ్బాతో తిరిగొచ్చి, "కళ్ళు మూసుకోండి. ఇదేటో చెప్పండి," అని ముక్కు కింద పెట్టింది.

అన్నయ్య గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

"మూతెప్పుడు తీస్తావు?" అన్నాడు.

మూత వదిన చేతిలోనే ఉంది. ముగ్గురిలో ఎవరమూ నవ్వలేదు.

మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఇంకో బిళ్ళ తెప్పించాను. ఈసారి అన్నయ్య దాన్ని కాలరుకి తగిలించుకుని, దానికి రంగు అంటినప్పుడల్లా లోపల తిట్టుకుంటూనే సాయంత్రం దాకా ఉంచుకున్నాడు. నాగపూర్ నుంచి వచ్చిన కాగితం చదివి మేనేజరు నవ్వలేదు. గదికి ఫ్యానొచ్చింది, అన్నయ్యకి మాస్కొచ్చింది. తలనొప్పి తగ్గింది.

ముక్కు మాత్రం రాలేదు. చలికాలం పోయింది, ఎండలు ముదిరాయి. అన్నయ్య ఏం పెట్టినా "బాగుందే" అంటూనే ఉన్నాడు. ఆ మాట వింటే వదినకిప్పుడు ఏడుపొచ్చేది. నాకూ భయంగానే ఉండేది, నర్సునయ్యుండీ ధైర్యం చెప్పలేకపోయేదాన్ని.

వానలు మొదలయ్యాక ఓ సాయంత్రం నేను పోపు పొయ్యి మీద పెట్టి వదినతో కబుర్లలో పడ్డాను. వీధి మలుపులో సైకిలు గంట మోగింది, వెనకే కేక.

"ఏటే, వెల్లుల్లి మాడ్చీసారా? వీధంతా కంపు!"

నేను గాభరాగా బాండీ దించబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకొంచెం మాడనీ."