కౌజు గూటి ముందు నిమ్మకాయ

సాంబయ్యది జనగామ వైపు. నాచారంలో మా ప్రయోగశాల ఆవరణలో గడ్డి కోసే కాంట్రాక్టు మనిషి. తోటల విభాగం నా కిందే ఉంది కనుక ఆరేళ్లుగా అతన్ని భరిస్తున్నాను. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. పొద్దున్నే ప్రహరీ వైపు నుంచి కౌజు కూస్తే మాత్రం మెషిన్ ఆపి వింటాడు. కోడిపెట్టలో సగముండే పిట్ట అది. ఎగరడం కంటే పరుగే ఎక్కువ.

ఆగస్టులో తనిఖీ బృందం వస్తోందన్నారు. సోమవారంకల్లా గడ్డంతా కొట్టెయ్యమన్నాను.

"వేపచెట్టు కాడ వద్దు సార్. కౌజు పొదుగుతుంది. ఇంకెనిమిది దినాలైతే పిల్లలైతయి. గుడ్డు పగిలినంక ఆడ ఆగయి, తల్లెంబడి ఉర్కుతయి."

"మెషిన్ చప్పుడికి అదే లేచిపోతుందిలేవయ్యా!"

"లేవది సార్. పోయినేడు నేను గట్లనే అనుకున్న. లేవలే." తన చేతులు చూసుకున్నాడు. "ఇగ నాతోని గాదు."

నాకు ఒళ్లు మండింది. తనిఖీ వాళ్లకి పిట్టకథలు చెప్పమంటావా అని కేకలేసి, ఆ పని తోటలోనే పనిచేసే జగన్మోహన్‌కి అప్పగించాను.

మర్నాడు జగన్మోహన్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, గాడ ఎవరో బాణామతి జేసిన్రు! నేను పోను, చిన్నపిల్లలున్నరు నాకు."

వెళ్లి చూశాను. గడ్డిలో పసుపు కుంకుమలు పూసిన నిమ్మకాయ, నల్లదారం, నాలుగు ఎండుమిర్చి. ఎవరి పనో పోల్చుకోవడానికి సైన్సు అక్కర్లేదు. సాంబయ్య దూరంగా నిలబడి బీడీ తాగుతున్నాడు.

ముప్పై ఏళ్లుగా సైన్సు సంస్థలో పనిచేస్తున్నవాణ్ని. "ఇటివ్వవయ్యా!" అని జగన్మోహన్ దగ్గర మెషిన్ లాక్కుని నేనే బయల్దేరాను. నిమ్మకాయకి రెండడుగుల దూరంలో కాలు ఆగిపోయింది. ఇంట్లో మనవరాలికి జ్వరం. ఉత్తుత్తిదని తెలిసీ, నిజం చెప్పొద్దూ, భయమేసింది. అప్పుడు కనిపించింది గడ్డిలో పిట్ట. నన్నే చూస్తోంది, కదల్లేదు. వెనక్కొచ్చేశాను.

సోమవారం తనిఖీ వాళ్లడిగితే, జీవవైవిధ్యం కోసం వదిలామన్నాను. మెచ్చుకుని రాసుకున్నారు కూడా.

తొమ్మిదో రోజు పొద్దున సాంబయ్య పిలిచాడు. గుంటలో పెంకులే ఉన్నాయి. కంచె వెంట తల్లి నడుస్తోంది, వెనకాల ఏడు పిల్లలు. సాంబయ్య లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు, తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత వడిలిపోయిన ఆ నిమ్మకాయ తీసి, కడిగి, కొడవలితో కోసి తన మజ్జిగలో పిండాడు.

"జర తాగుతరా సార్?"

"నువ్వు తాగవయ్యా" అన్నాను.

మనవరాలికి జ్వరం తగ్గి అప్పటికి వారమైంది. అయినా తాగలేదు.