గ్రంథాలయంలో నేను కోసిన మేక

ఒక మేకను కోసి, పదిమంది పిల్లల్ని ఏడిపించి, కన్నకూతురి పరువు తీసిన ఘనుణ్ణి నేను. అదీ కత్తి పట్టకుండా, గ్రంథాలయంలో కుర్చీ మీద కూర్చుని. చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

మా అఖిలకు అప్పుడు పదకొండేళ్లు. నల్లగొండలో ఒక గ్రంథాలయం వాళ్లు పిల్లలకు పుస్తకాల క్లబ్బు పెట్టారు. ప్రతి పిల్లకూ తోడుగా ఇంటి పెద్ద ఒకరు. ఇద్దరూ ఒకే పుస్తకం చదివి, ఆదివారం వచ్చి మాట్లాడాలి. పెద్దవాళ్లు రెండుసార్లు చదవకుండా వస్తే పిల్ల పేరు కొట్టేస్తారు. నేను అప్పటికే ఒకసారి దొరికిపోయాను.

"బాపూ, ఈసారి సదువకుంటే నా పేరు తీసేస్తరు," అంది అఖిల. కళ్లు అప్పుడే తడిగా ఉన్నాయి.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, అక్షరం ఇడువకుండ సదువుత."

చదవలేదు. మాది మగ్గం ఇల్లు. నేను బట్టల దుకాణంలో గుమస్తాను. అంచూ కొంగూ చూస్తే చాలు, చీర సంగతంతా చెప్పేస్తాను. పుస్తకం చీర కంటే గొప్పదా? మొదటి పేజీ చూశాను, చివరి పేజీ చూశాను, మూసేశాను. మొదటి పేజీలో ఒక అమ్మాయి మేకపిల్లను సాదుకుంటానని ఇంటికి తెస్తుంది. చివరి పేజీలో వాకిట్లో భోజనాల బంతి సాగుతోంది, వాడకట్టంతా ఆకులు నాకి మరీ తింటోంది. మీరే చెప్పండి, మన దిక్కు మనిషికి నడుమ ఏం జరిగిందో వేరే చదవాలా?

ఆదివారం కొడుకు ప్రసంగం వినాలని మా అమ్మ కూడా వెంట వచ్చింది. గ్రంథాలయం మేడం ముందుగా నన్నే లేపింది.

"పాణంగ సాదుకున్న మేకనే సుట్టాల కోసం కోసిండ్రు," అని గొంతు వణికించాను. "ఆ పిల్ల ఏడుపు దిగమింగుకొని అందరికీ వడ్డించింది. త్యాగమంటె గది!"

పుస్తకం ఇంకా సగమే చదివిన పిల్ల ఒకతి భోరుమంది. ఆమెను చూసి పక్కవాడు, వాణ్ని చూసి వరసంతా. ఒక తల్లి లేచి, "గిసొంటి కథలు పిల్లలకిస్తరా మేడం?" అని గట్టిగా అడిగింది. ఆమె కూడా చదవలేదని అలా బయటపడింది.

అప్పుడు మా అమ్మ లేచింది.

"ఓరి నీ పాడుగాను! మేక ఏడ సచ్చిందిరా? ఈని రెండు పిల్లలను పెట్టె. ఆ మేక పాల జున్నే గదరా వాడకట్టంత తిన్నది!"

అమ్మకు చదువు రాదు. మగ్గానికి నూలు కండెలు చుడుతూ, అఖిల పైకి చదువుతుంటే పుస్తకం మొత్తం విన్నది. నేను అదే ఇంట్లో ఉండి అదీ వినలేదు.

పిల్లలు ఏడుపు ఆపి నవ్వారు. అఖిల నవ్వలేదు. "నా పేరు కొట్టేస్తరా మేడం?" అంది తల వంచుకుని. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మేడం రిజిస్టరు తెరిచింది. "నీ పేరు ఉంటది బిడ్డా. పెద్దమనిషి పేరే మారుస్తున్న." నా పేరు కొట్టేసి అమ్మ పేరు రాసింది. తర్వాత పుస్తకం నా చేతిలో పెట్టి, పిల్లల చాప చూపించింది. "మీరు గాడ కూసోని నడుమ పేజీలు సదువుండ్రి."

ఇల్లు అలకగానే పండగ కాదన్నారు పెద్దలు. బంతి వేయగానే మేక కూర కాదని నేను కలిపాను. ఆ చాప సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నడుమ పేజీలు చదవందే ఇక ఏ మేకనూ కొయ్యను.