నాలుగో నంబరు మెషీన్ మీద కొట్టిన కాగితం

మొన్న పింఛను పనిమీద నాంపల్లి వెళ్లి, స్టేషన్ ఎదురు సందులో ఒక జెరాక్స్ దుకాణం ముందు నిలబడ్డాను. దుకాణం ఆయన నా ఈడువాడే. ఎవరిదో కాగితం మీద పడ్డ నల్లచుక్కను సగం బ్లేడుతో గీకుతున్నాడు. కర్, కర్ మని, మెల్లగా, ఓపికగా. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. "గీకకు భయ్యా, చుక్క ఉంటే ఉండనీ" అన్నాను. ఆయన తలెత్తి నన్ను వింతగా చూసి, "ఒక్క నిమిషం అమ్మా, సాఫ్ అయితది. ఎవలకు తెలుస్తది?" అన్నాడు. ఎవరికి తెలుస్తుందిలే అని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల నష్టపోయినది నేను కాదు, మాణిక్యమ్మ టీచరు.

ఆబిడ్స్‌లో బట్టల దుకాణం పక్కన ఇరుకు మెట్లెక్కితే పైన టీచరమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ముందు గదిలో ఎనిమిది మెషీన్లు, వెనక గదిలో ఆమె కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు భర్త ఫోటో. పెళ్లయిన నాలుగేళ్లకే ఆయన పోయాడు, పిల్లల్లేరు. మేనమామ ఇంట్లో పడి ఉండమని అందరూ అంటే, ఆమె గౌలిగూడలో ఒక ముసలి మాస్టారు దగ్గర టైపు నేర్చుకుని, ఈ ఎనిమిది మెషీన్లను ఒక్కొక్కటిగా కూడబెట్టింది. నేను మెట్రిక్ తప్పి, ఇంట్లో మొహం చెల్లక, అరవై రెండులో ఆ మెట్లెక్కాను. మొదటి రోజే నా వేళ్ల మీద నల్లగుడ్డ కప్పి, "చూసి కొట్టుడు కాదు, తెలిసి కొట్టాలె" అంది. కొట్టిన ప్రతి కాగితాన్నీ కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి చూసేది. ఎక్కడైనా రబ్బరుతో రుద్దితే అక్కడ కాగితం పలచబడి తెల్లగా మెరుస్తుంది. "తప్పు పడ్డదా, తీసెయ్యి, కొత్త కాయితం పెట్టు. రుద్దకు. తప్పు చేసుడు పెద్ద ముచ్చట కాదు, దాన్ని దాచిపెట్టుడు ఉన్నదే, అది నాకు పడది" అనేది. ఆమె తిట్లకు నేను ఏడ్చిన రోజులున్నాయి. రెండేళ్లకు టైపులో హయ్యర్ పరీక్ష పాసై, ఆమె దగ్గరే అసిస్టెంటుగా కుదిరాను. మా ఇంట్లో నన్ను మనిషిగా చూడడం అప్పుడే మొదలైంది.

ఆ మెషీన్లకు ఒక్కోదానికి ఒక్కో రోగం. నాలుగో నంబరుది ఆరు అంకె. అది ఎప్పుడూ గీతకు కాస్త కిందికి దిగి, కుడివైపు ఒరిగి పడేది. పిల్లలమంతా దాన్ని కుంటి ఆరు అనేవాళ్లం. ఎన్నిసార్లు మెకానిక్‌ను పిలిచినా దాని నడక మారలేదు.

టీచరమ్మ తమ్ముడు వెంకటేశం మలయా దేశంలో, పెనాంగ్ దగ్గర రబ్బరు తోటల కంపెనీలో గుమాస్తా. ఒకనాడు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది, పదో రోజున తల్లి పోయింది. ఇద్దరు మగపిల్లలను ఎలాగో సాకుకుంటాను గానీ, పాలు తాగే పిల్లను నేనేం చేయను, అక్కా, నువ్వు తీసుకుపో, నీ బిడ్డగా పెంచుకో అని రాశాడు. ఆ ఉత్తరం చదివి ఆమె కిటికీ దగ్గరకు వెళ్లింది. తర్వాత వెనక్కి తిరిగి, "సుగుణా, ఉయ్యాలకు కొండ్లు ఏడ దొరుకుతయి?" అని అడిగింది. అంతవరకు ఆమె నన్ను అడిగినవి రిబ్బను ఎక్కడ, కార్బన్ ఎక్కడ, అంతే. ఆ వారంలోనే వడ్రంగిని పిలిపించి, వెనక గది దూలానికి రెండు ఇనప కొండ్లు కొట్టించింది. పిల్లకు లలిత అని పేరు కూడా పెట్టేసింది. పాస్‌పోర్టుకు తిరగడం మొదలైంది. ఊరు దాటి మహా అయితే వరంగల్ దాకా వెళ్లిన మనిషి, మద్రాసు వెళ్లి ఓడ ఎక్కుతానంటే మా అమ్మ నోరు వెళ్లబెట్టింది.

నాంపల్లి కోర్టు దగ్గర ఆమెకు తెలిసిన వకీలు ఒకాయన ఉండేవారు. ఆయన చెప్పిన దాంట్లో మాకు అర్థమైనది రెండు ముక్కలు. మొదటిది, భర్త ఉన్న ఆడది తన పేరున దత్తత తీసుకోవడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు, భర్త పోయినామె అయితే తీసుకోవచ్చు. కాబట్టి భర్త ఫలానా సంవత్సరంలో పోయాడని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి పట్టుకెళ్లాలి. రెండోది, కన్నతండ్రి పిల్లను తన చేతులతో ఆమె చేతుల్లో పెట్టాలి. అది జరిగితేనే దత్తత, మిగతాదంతా ముస్తాబు.

ఆ ప్రమాణ పత్రం కొట్టే పని నాకిచ్చింది. శనివారం, నుమాయిష్‌లో ఆడవాళ్ల రోజు. ఎగ్జిబిషన్ గ్రౌండుకు వెళ్దామని నా స్నేహితురాళ్లిద్దరు కింద మెట్ల దగ్గర నిలబడి పిలుస్తున్నారు. నాలుగో నంబరు మీద కూర్చుని దడదడా కొట్టేశాను. చివర్లో చూస్తే, భర్త పోయిన సంవత్సరం నలభై ఆరు అని పడవలసిన చోట నలభై తొమ్మిది పడింది. ఇంకో స్టాంపు కాగితం కావాలంటే నాంపల్లి దాకా పోవాలి, అమ్మేవాడు అప్పటికి పెట్టె కట్టేసి ఉంటాడు. సోమవారం పొద్దున తెచ్చి మళ్లీ కొట్టవచ్చు. కానీ టీచరమ్మకు తప్పు పడిందని చెప్పాలి. ఆమె ముందు చిన్నబోవడం నాకిష్టం లేకపోయింది. పెన్సిళ్లు చెక్కే సగం బ్లేడు తీసి, తొమ్మిదిని మెల్లగా గీకి, గోరుతో నున్నగా రుద్ది, దాని మీద ఆరు కొట్టాను. ఎంత శుభ్రంగా కుదిరిందో, నాకే ముచ్చటేసింది.

కాగితం ఆమె చేతికిచ్చాను. ఆమె కిటికీ వైపు ఒక అడుగు వేసి, ఆగింది. "నువ్వు కొట్టినవు గదా, ఇగ చూసుడేంది" అని మడిచి సంచిలో పెట్టుకుంది. నా జీవితంలో నాకు దొరికిన పెద్ద మర్యాద అది. దాన్ని ఎందుకూ పనికిరాకుండా చేసుకుని నుమాయిష్‌కు పోయి, జెయింట్ వీల్ ఎక్కి, మిర్చి బజ్జీలు తిని వచ్చాను.

సోమవారం సంతకాలు, ముద్రలు అయ్యాయి. మంగళవారం ఆమె మద్రాసు రైలెక్కింది. ఇన్‌స్టిట్యూట్ తాళాలు నాకిచ్చింది. నెల తిరక్కముందే ఆబిడ్స్ పోస్టాఫీసు నుంచి టీచరమ్మ పంపిన తంతి వచ్చింది. ప్రమాణ పత్రం చెల్లలేదు, భర్త మరణానికి వేరే రుజువు వెంటనే పంపమని. చేతిలో ఆ తంతి పట్టుకునే వకీలు దగ్గరకు పరిగెత్తాను. ఆయన చదివి, "దిద్దినట్టు కనబడ్డదేమో. ఎవలు దిద్దిన్రో గానీ బుద్ధి తక్కువోళ్లు. తప్పును అడ్డంగ కొట్టేసి, పైన సరిగ్గ రాసి, పక్కన ఆమెతోని సంతకం పెట్టిస్తే అయిపోతుండె. తప్పు కనబడితె ఎవలేమంటరు? దాస్తెనే అనుమానం" అన్నారు. ఆ బుద్ధి తక్కువది నేనేనని నోరు తెరిచి చెప్పలేదు.

టీచరమ్మ భర్త పోయింది ఒక పల్లెటూళ్లో. అక్కడ చావులు రాసుకునే పుస్తకమేదీ సరిగా లేదు. పట్వారీ దగ్గర్నుంచి తహసీల్దారు దాకా తిరిగి కాగితం సంపాదించేసరికి ఆరు వారాలు పట్టింది. అది విమాన తపాలాలో బయలుదేరింది. ఆమెకు అక్కడ ఉండడానికి ఇచ్చిన గడువు అది చేరకముందే అయిపోయింది.

ఒకనాటి మధ్యాహ్నం క్లాసు నడుస్తుండగా మెట్ల మీద ఆమె అడుగులు వినిపించాయి. ఒక్కతే వచ్చింది. చేతిలో ట్రంకు పెట్టె, భుజాన సంచి, సంచిలోంచి పైకి కనబడుతున్న పాలసీసా. పిల్లలు లేచి నిలబడ్డారు. "కూసోండ్రి, కొట్టుండ్రి" అని వెనక గదిలోకి పోయింది.

రెండు రోజుల తర్వాత ఆమే చెప్పింది. తమ్ముడు దీపం ముందు కూర్చుని పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడట. "ఇచ్చిన" అని అతను అన్నాడు, "తీసుకున్న" అని ఆమె అంది. రెండు నెలలు ఆమె ఎద మీదే పడుకుంది లలిత. పిల్లకు ప్రయాణం కాగితం ఇవ్వవలసిన ఆఫీసరు మాత్రం ప్రమాణ పత్రాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. నాకు కావలసింది ఈ ఒక్క అంకె, గీకింది కూడా దీన్నే, ఎట్లా నమ్మేది అన్నాడు. "అచ్చం నా లెక్కనే చూసిండు" అని చిన్నగా నవ్వింది. "గడువు అయిపోయినంక, పిల్లను మల్ల తమ్ముని చేతుల్ల పెట్టి ఓడెక్కిన. ఇచ్చేటప్పుడు అనెటందుకు ఒక మాట ఉన్నది, తీసుకునేటప్పుడు ఒక మాట ఉన్నది. వాపసు ఇచ్చేటప్పుడు ఏమనాల్నో ఎవలు చెప్పలే."

అప్పుడు సంచిలోంచి ఆ పత్రం తీసి నా ముందు పెట్టింది. "సుగుణా, ఇది నువ్వు గీకినవా?"

నా నోట్లోంచి వచ్చిన మాట నేను మరచిపోలేను. "లేదు టీచరమ్మా. నేను కొట్టినప్పుడు మంచిగనే ఉండె. వకీలు సాబ్ దగ్గర ఎవలన్న దిద్దిన్రేమో."

ఆమె నా మొహం చూసింది. "గట్లనా" అంది. కాగితం మడిచి పెట్టెలో పెట్టుకుంది. మర్నాడు నాలుగో నంబరు మీద ఒక అమ్మాయికి పాఠం చూపిస్తూ అంకెలు కొట్టాను. ఆరు కిందికి దిగి, కుడికి ఒరిగింది. వకీలు గుమాస్తా దగ్గర ఈ కుంటి ఆరు ఎక్కడిది? తన మెషీన్ల నడక ఆమెకు తెలియదా? తెలిసే అడిగింది. తెలిసే గట్లనా అంది.

మళ్లీ వెళ్దామని ఆమె కాగితాలు సర్దుకుంటుండగా తమ్ముడి ఉత్తరం వచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినామె పిల్లను చంక దించడం లేదు, పిల్ల కూడా ఆమెనే తల్లి అనుకుంటోంది, ఇప్పుడు విడదీస్తే పాపం, ఏమీ అనుకోకు అక్కా అని రాశాడు. ఆ ఉత్తరం నాకూ చదవడానికిచ్చింది. అందులో ఎవరి తప్పూ లేదు. తప్పున్న మనిషి ఆ ఉత్తరాన్ని చేతిలో పట్టుకుని చదువుతోంది, అంతే. దూలానికి ఆ కొండ్లు అలాగే ఉండిపోయాయి. ఒకదానికి ఆమె గొడుగు తగిలించేది.

తర్వాత కూడా నన్ను ఒక్క మాట అనలేదు. వకీలు గారి కాగితాలు కొట్టే పని ఎప్పటిలాగే నాకే ఇచ్చింది. నాంపల్లిలో సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం పడితే, నా తరఫున ఆమే వెళ్లి మాట్లాడింది. చెప్పేద్దామని ఎన్నోసార్లు ఆ మెట్లు ఎక్కాను. ఎక్కి, టీ తాగి, దిగివచ్చాను. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె మీదే కోపం తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి. సిగ్గులేనితనం అంటే అదే.

ఏడేళ్ల తర్వాత నాకు కూతురు పుట్టింది. దవాఖానకు ఆమె వచ్చింది, పిల్లకు తెల్ల గౌను కుట్టించి తీసుకుని. పిల్ల ఏడుపు ఆపడం లేదు. మా అమ్మ వల్ల కాలేదు, నా వల్ల కాలేదు. టీచరమ్మ తీసుకుని, బోర్లా ఎద మీద వేసుకుని, వీపు మీద అరచేయి ఆనించింది. పిల్ల గప్‌చుప్ అయింది. "గీ తీర్గ పట్టుకోవాలె. లలిత గూడ గింతే" అంది. మా అమ్మ నీళ్లకని బయటికి వెళ్లగానే నేను భోరున ఏడ్చేశాను.

"టీచరమ్మా, ఆ కాయితం నేనే గీకిన."

"తెలుసు బిడ్డ. కుంటి ఆరు నాకు తెల్వదా?"

"మరి మల్ల ఎందుకు అడగలే?"

"ఒక్కసారి అడిగిన. మల్ల మల్ల అడిగితె నువ్వు మల్ల మల్ల అబద్ధం ఆడాల్సి వస్తది." పిల్ల వీపు నిమురుతూనే ఉంది. "నువ్వే చెప్తవని చూసిన. శానా రోజులు పట్టిచ్చినవ్."

పోనీలే అంటుందని ఎదురుచూశాను. అనలేదు. ఆ మాట కోసం ఆశపడి, ఆ కాస్త సేపట్లో ఇంకో తెలివితక్కువ పని చేశాను. "పిల్లకు లలిత అని పెట్టుకుంట" అన్నాను. ఆమె చెయ్యి పిల్ల వీపు మీద ఆగిపోయింది.

"వద్దు. ఆ పేరు ఒక పిల్లకు పెట్టిన" అంది. నా కూతురిని జాగ్రత్తగా ఎత్తి నా చేతుల్లో పెట్టింది. పెట్టాక కూడా కాసేపు తన చేతులు తీయలేదు.

నా కూతురి పేరు పద్మ. టీచరమ్మ పోయి చాలా కాలమైంది. ఇన్‌స్టిట్యూట్ ఖాళీ చేసిన రోజు, ఆమె పెట్టెలో నా పేరు రాసిన కవరు ఒకటి దొరికిందని ఆ ఇంటి యజమానులు తెచ్చిచ్చారు. అందులో ఉత్తరం లేదు. ఆ ప్రమాణ పత్రం ఉంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి చూశాను. ఆరు వెనక కాగితం పలచగా మెరిసింది, దాని చుట్టూ నా తొమ్మిది తోక కూడా కనబడింది. కలం తీసుకుని ఆ అంకెను అడ్డంగా కొట్టేశాను. పైన నలభై ఆరు అని రాశాను. పక్కన సంతకం పెట్టాను. చట్టం ప్రకారం అక్కడ పెట్టవలసింది ఆమె సంతకం, నాది చెల్లదు. ఆ సంగతి తెలిసే పెట్టాను.