సున్నం కింద పేరు

నాకు శాసనాలు చదవడం రాదు. ముప్పై ఏళ్లు కేజీఎఫ్‌లో పిల్లలకు కన్నడం చెప్పి, మోకాళ్లు అరిగాక కోలారు పక్కన తమకలో ఇల్లు కట్టుకుని పడి ఉన్నదాన్ని. అయినా మా చిన్నాన్న ఫోన్ చేసి, "ఏమ్మా, మన ఊరి పేరు యాడనుంచి వచ్చిందో నువ్వే తేల్చాల" అన్నాడు. ఇంట్లో ఒక టీచరు ఉంటే ఊరందరి అర్జీలూ ఆమే రాయాలి, ఇప్పుడు ఇదొకటి.

మా ఊరు ఆంధ్రా సరిహద్దు దగ్గర, రాయల్పాడుకు కాస్త ఇవతల. ఊరి మొదట్లో కత్తి పట్టుకున్న వీరుడి రాయి ఒకటి ఉంది. ఆ వీరుడి పేరే ఊరికి వచ్చిందనీ, ఆయన మా ఇంటి మూలపురుషుడనీ చిన్నప్పటి నుంచి విన్నాను. అందుకే జాతరలో మొదటి టెంకాయ మా ఇంటివాళ్లే కొడతారు. పోయినేడు పై వీధివాళ్లు "దానికి రుజువేముండాది?" అని అడ్డం తిరిగారు. చిన్నాన్నకు తల కొట్టేసినట్టయింది. ఈ ఏటి జాతరకు రాయి పక్కన ఊరి చరిత్రతో బోర్డు పెట్టిస్తానని నలుగురిలో అనేశాడు.

నేను కాదనలేకపోవడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు, అక్కడి బంగారు గని దొర మనవడు ఒకతను తాత బంగళా చూడ్డానికి వచ్చాడు. ఆ దొర తన బంగళాకు వాళ్ల ఊరి పేరే పెట్టుకున్నాడట. గోడలు తప్ప ఏమీ మిగలని ఆ ఇంటి ముందు నిలబడి, ఇంగ్లండులోని ఆ పల్లె పేరు ఏ రాజు కాలం నాటిదో, ఏ మఠం వాళ్లు దాన్ని మొదట రాసిపెట్టారో పూస గుచ్చినట్టు చెప్పాడు. "మరి మీ ఊరి పేరు?" అని అడిగితే నేను నీళ్లు నమిలాను. ఆ సిగ్గు ఇన్నేళ్లయినా పోలేదు.

రాయి మీద అక్షరాలుంటాయని అందరూ అనేవాళ్లే గానీ చూసినవాళ్లు లేరు. ప్రతి జాతరకు ముందు మా ఇంటి ఆడపిల్లలు ఆ రాయికి సున్నం కొట్టాలి. పెళ్లయ్యేదాకా నేనూ కొట్టాను. ఎంత దట్టంగా కొడితే అంత భక్తి అని మా నాయనమ్మ లెక్క. అలా తరతరాల సున్నం పేరుకుపోయి వీరుడికి ముక్కు కూడా మిగల్లేదు. దాన్ని తీయడానికి చిన్నాన్న ఒప్పుకున్నాడంటే, అక్షరాలు మా పక్కే మాట్లాడతాయన్న ధీమాతోనే. మూడు రోజులు నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, వెదురు పుల్లతో గీకాను. నడుము పడిపోయింది. నాకు సాయంగా నీళ్లు మోసింది తలారి ఇంటి అవ్వ ఒక్కతే. రోజూ ఆ రాయి ముందు చిమ్మేది కూడా ఆమే.

శాసనాలు చదివే ఆయన ఒకరు కోలారు నుంచి వచ్చి, రాయికి తడి కాగితం అంటించి, మసి అద్ది అచ్చు తీసుకుపోయాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు. ఊరి గొడ్లను దొంగలు తోలుకుపోతుంటే ఒక్కడే అడ్డం పడి చనిపోయిన మనిషట. ఊరివాళ్లు రాయి నిలబెట్టి, అతని పేరే ఊరికి పెట్టుకున్నారు. అంతవరకూ మేం విన్నదే. అతను ఆ ఊరికి కావలి కాసే తలారి అని మాత్రం మేమెప్పుడూ వినలేదు.

చిన్నాన్న తోటలో మందు కొట్టిస్తున్నాడు. చెప్పాను. కూలివాళ్లకు వినపడనంత దూరం నన్ను పక్కకు పిలుచుకుపోయాడు.

"ఇంగెవురికైనా చెప్పినావా?"

"లేదు."

"నేను పొయ్యేదాకా ఆగు తల్లీ. ఆ ఒక్క టెంకాయ కోసమే గదా నన్ను నలుగురూ పిలిచేది."

జాలేసింది. కోపమూ వచ్చింది. రెండూ మోసుకుని మరుసటి పొద్దున రాయి దగ్గరికి పోయి అవ్వతో చెప్పేశాను. ఆమె చీపురు ఆపలేదు.

"మాకు తెలుసమ్మా. మా అత్త చెప్పినాది, ఆమెకు వాళ్లత్త చెప్పినాది."

"మరి ఒక్కసారైనా అనలేదే అవ్వా?"

"మేము చెప్తే ఎవురు నమ్ముతారు? మీరు ఇంతమంది సదువుకున్నోళ్లు ఉండారు, ఎవురన్నా ఆ రాయిని అడగరా అని చూస్తిమి." అప్పుడు చీపురు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "బోర్డులో రాస్తావా అమ్మా?"

రాస్తానన్నాను. రాశాను కూడా, కన్నడంలో నాలుగే వాక్యాలు. చిన్నాన్న చదివి, మడిచి జేబులో పెట్టుకుని "సరే" అన్నాడు. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు. అయినా పోట్లాడలేదు, బోర్డు రాసేవాడి దగ్గరికి వెంట పోలేదు. విసిగిపోయి ఉన్నాను. నా పని నేను చేశాననుకుని తమకకు వచ్చి పడుకున్నాను.

జాతరనాడు చూస్తే రాయి మళ్లీ తెల్లగా మెరుస్తోంది. బోర్డు మీద ఊరి పేరు, తాలూకా, జిల్లా, వాటి కింద పెద్ద అక్షరాల్లో బోర్డు పెట్టించిన మా చిన్నాన్న పేరు. ఆ ఊరి పేరు వెనకున్న వీరుడి ఊసే లేదు. చిన్నాన్న నా మొహం చూడలేదు.

అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. బోర్డును పైనుంచి కిందికి చూసి, నా చెయ్యి పట్టుకుని, "మా ముత్తాత సంగతి యాడ రాసిండాది, చూపించమ్మా" అంది. చుట్టూ జనం. చిన్నాన్న టెంకాయ ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

లేదవ్వా అని చెప్పడానికి నోరు తెరిచాను. చిన్నాన్న పేరున్న వరస మీద వేలు పెట్టి "ఇదే అవ్వా" అన్నాను. ఆమె చెప్పులు విడిచి, ఆ వరసను రెండు చేతులతో తాకి, కళ్లకద్దుకుంది.