నేను కట్టించిన జైలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. తెలిసిందనుకున్న విషయం మీద ఇంకొకరికి నోరు తెరిచే అవకాశమూ ఉండేది కాదు. (ఇప్పుడు మాత్రం ఉందా అని మా ఆయన అడుగుతారు. ఆయన సంగతి తర్వాత.) హన్మకొండలో డిగ్రీ చివరి ఏడాది, మా చరిత్ర సారు ఏదైనా పాత కట్టడం మీద ప్రాజెక్టు రాయమన్నారు. బాగా రాసినవాళ్లను హైదరాబాద్ సెమినార్‌కు పంపుతారట. సెమినార్ అంటే ఏమిటో తెలియదు గానీ, హైదరాబాద్ చూడలేదు కాబట్టి వెళ్లి తీరాలనుకున్నాను.

హసన్‌పర్తి దగ్గర రైలు పట్టాల పక్కన ఒంటరిగా ఒక గది ఉండేది. మూరెడు మందం గోడలు, ఇనుప తలుపు, కిటికీలు లేవు, లోపల గోడకు వరసగా కొక్కాలు. ఐదు నిమిషాల్లో అది నిజాం కాలపు జైలని, కొక్కాలు ఖైదీల గొలుసులకని తేల్చేశాను. సారునూ క్లాసునూ తీసుకెళ్లి, మూగిన ఊరివాళ్ల ముందు ఉపన్యాసం దంచాను. ఖైదీల ఆర్తనాదాల దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. అప్పుడే వెనక నుంచి ఒక తాత చేయెత్తాడు.

"బిడ్డా, గిది జైలు గాదు, టెలిఫోన్ ఆఫీసు. రెండో ప్రపంచ యుద్ధం టైముల మిలటరోళ్లు కట్టిండ్రు. తీగల మీద మాట దూరం పోంగ పోంగ సన్నబడ్తది. ఈడ దానికి జర బలం పెట్టి ముందటికి తోలేటోళ్లం."

"మరి కిటికీలేవి తాతా?"

"బాంబులు పడ్తయని పెట్టలే."

"కొక్కాలు?"

"తీగలకు. ఆఖరుదానికి నా సద్ది గిన్నె తగిలిచ్చేటోణ్ణి."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "చరిత్రకు ఆధారాలు కావాలి తాతా, సద్ది గిన్నెలు కాదు!" అన్నాను. చప్పట్లు మోగాయి. తాత తలవంచుకుని వెళ్లిపోయాడు.

వారానికి ఆధారంతో కాలేజీకే వచ్చాడు. పాత ఫోటో: అదే గది, తలుపు పైన టెలిఫోన్ ఆఫీసని బోర్డు, ముందు చెవులకు హెడ్‌ఫోన్లతో పడుచు తాత. "సెమినార్‌కు నా పేరొచ్చింది తాతా" అని గొణిగాను. పుట్టి బుద్ధెరిగాక నేను గొంతు తగ్గించి మాట్లాడింది అప్పుడే. ఆయన నా మొహం చూసి ఫోటో జేబులో పెట్టుకున్నాడు.

"పోయిరా బిడ్డా, ఫికర్ చెయ్యకు. యుద్ధంల ఎన్ని మాటలు ఇన్ననో, ఒక్కటి బయట పెట్టలే. గిదొక లెక్కనా?"

వెళ్లొచ్చాను. (సర్టిఫికెట్ ఇప్పటికీ ఉంది, ఫ్రేము కట్టించే ధైర్యం మాత్రం రాలేదు.)

మొన్న ఆ దారిలో ఆటో ఎక్కితే, "జైలు స్టేజీ కాడ దిగుతరా మేడం?" అన్నాడు డ్రైవరు. అది జైలు కాదని, టెలిఫోన్ ఆఫీసని అందుకున్నాను.

"మీకెర్క లేదు మేడం. సదువుకున్న పిల్ల ఒకామె అచ్చి అంత ఇవరంగ చెప్పిందట. ఇని మా నాయినమ్మ ఏడ్సిందట."

దారి పొడుగునా వాదించాను. "ఆధారమున్నదా మేడం?" అన్నాడు. ఆ ఆధారం ఎవరి జేబులో వెళ్లిపోయిందో నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆ చదువుకున్న పిల్లతో వాదించి గెలిచినవాళ్లు లేరు. నేనూ ఓడిపోయి, నోరు మూసుకుని జైలు దగ్గరే దిగాను.